ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ: ఈ ప్లాన్ మీద నా పేచీ

మా పొద్దుటి నడక గ్రూపులో ఈమధ్య ఒక మెసేజ్ తిరిగింది. ఆరు నెలలు పిల్లల దగ్గర, ఆరు నెలలు సొంత ఊళ్లో ఉంటే ఎన్నారై అయిపోతారట. ఇక్కడా పన్ను ఉండదట, అక్కడా ఉండదట. కింద మూడు దండం బొమ్మలు, ఒక గులాబీ పువ్వు. ఆర్కే బీచ్ దగ్గర టీ తాగుతూ మావాళ్లంతా అది చదివి "ఇదేదో బాగుందే" అన్నారు. వాళ్లను అనడానికేం లేదు. స్టీల్ ప్లాంటు, పోర్టు, డాక్‌యార్డు, యూనివర్సిటీ, బ్యాంకులు... ఈ ఊళ్లో ఉద్యోగాలు చేసి, పిల్లల్ని చదివించి, డాలస్‌కో న్యూజెర్సీకో పంపేసి రిటైరైనవాళ్లం. ఎవరిని కదిపినా ఒకటే మాట: "ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ."

నా పేచీ ఆ ప్లాన్‌తోనే. పన్ను లెక్క తప్పడం ఒక్కటే కాదు, అది నిర్ణయం తీసుకోకుండా తప్పించుకునే దారి అని నాకనిపిస్తుంది. ఎక్కడుంటామో తేల్చుకోవాలి. ఒకటి ఇల్లు కావాలి, రెండోది చుట్టపుచూపు కావాలి. రెండు దేశాల పన్ను చట్టాలూ అలా తేల్చుకున్నవాళ్ల జోలికి పెద్దగా రావు. తేల్చుకోనివాళ్ల చేతే ఫారాల మీద ఫారాలు నింపిస్తాయి.

బ్యాంకులో నా ఆఖరి ఏళ్లు ఎన్నారై ఖాతాల డెస్కు దగ్గర గడిచాయి. ఒక పెద్దాయన బాగా గుర్తు. గల్ఫ్‌లో చాలాకాలం పనిచేసి వచ్చి ఎంవీపీ కాలనీలో ఫ్లాటు కొనుక్కున్నారు. ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీ (ఎన్నారైలు బయట సంపాదించిన డబ్బు ఇక్కడ దాచుకునే డిపాజిట్) రెన్యువల్‌కి వచ్చినప్పుడల్లా అడిగేదాన్ని, "సార్, వచ్చేసినట్టేనా, మళ్లీ వెళ్తారా?" అని. "ఇంకా తేల్చుకోలేదమ్మా" అనేవారు. ఆదివారం రైతుబజారులో కూరగాయల సంచీతో కనపడేవారు. అయినా ఏటికేడు అదే జవాబు. విదేశీ మారకం సంగతులు చూసే ఫెమా చట్టం రోజులు లెక్కపెట్టి ఊరుకోదు, వచ్చినవాడు ఉండిపోవడానికి వచ్చాడా అని చూస్తుంది. ఉండిపోయేందుకు వస్తే ఎన్‌ఆర్‌ఈ ఖాతాని మామూలు ఖాతాగానో, తిరిగొచ్చినవాళ్లు విదేశీ కరెన్సీలోనే ఉంచుకునే ఆర్‌ఎఫ్‌సీ ఖాతాగానో మార్చుకోవాలి. వడ్డీ మీద పన్ను మినహాయింపు కూడా అక్కడితో సరి. ఆయన మార్చలేదు. చివరికి నోటీసు వచ్చింది, ఆ ఏళ్ల పన్నూ దాని మీద వడ్డీ కట్టారు. డబ్బు లేక కాదు, రూలు తెలియకా కాదు, నేనే పదిసార్లు చెప్పాను. "వచ్చేశాను" అని పైకి అనడం ఆయన వల్ల కాలేదు, అంతే.

రోజుల లెక్క

ఆ మెసేజ్‌లో మొదటి తప్పు ఇది. విజిటర్ వీసా మీద వెళ్లి కొడుకు దగ్గర ఆరు నెలలుండి వచ్చిన తల్లిదండ్రులు ఎన్నారైలు కారు. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడుంటే ఎలాగూ రెసిడెంటే, అంటే పన్ను లెక్కలో ఇక్కడివాళ్లే. అంతకన్నా తక్కువున్నా సరే, ఆ ఏడాది 60 రోజులు, ముందు నాలుగేళ్లలో మొత్తం 365 రోజులు ఇక్కడ గడిపితే అప్పుడూ రెసిడెంటే. జీవితమంతా వైజాగ్‌లో ఉన్నవాళ్లకు ఆ 365 ఎప్పుడో నిండిపోయి ఉంటాయి. ఆ 60 స్థానంలో 182 వర్తించేది ఉద్యోగం కోసం దేశం వదిలేవాళ్లకూ, బయట స్థిరపడి ఇక్కడికి చూడ్డానికి వచ్చేవాళ్లకూ. మనవణ్ని ఆడించడానికి వెళ్లడం ఉద్యోగం కింద రాదు. చాకిరీని బట్టి చూస్తే రావాలి, అది వేరే సంగతి.

"2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కదండీ, ఇవన్నీ మారాయేమో" అన్నారు గ్రూపులో ఒకాయన. సెక్షన్ల నంబర్లు మారాయి, అసెస్‌మెంట్ ఇయర్ పోయి పన్ను సంవత్సరం వచ్చింది. రోజుల లెక్క మాత్రం పాతదే.

అసలు ఎన్నారై కావడం మనలాంటివాళ్లకు వరమా? మినహాయింపులు పోగా పన్ను వేయదగ్గ ఆదాయం, అంటే పెన్షనూ ఎఫ్‌డీ వడ్డీ కలిపి, సరిగ్గా 12 లక్షలు ఉందనుకోండి. రెసిడెంటుగా ఉంటే కొత్త విధానంలో రిబేటు పుణ్యమా అని 2025-26 నుంచి పన్ను సున్నా. అదే మనిషి ఎన్నారై అయితే ఆ రిబేటు లేదు. నాలుగు లక్షల దాకా ఏమీ లేకపోయినా, తర్వాతి నాలుగు లక్షలకు 20,000, ఆ పై నాలుగు లక్షలకు 40,000, సెస్సుతో కలిపి 62,400 రూపాయలు కట్టాలి. దానికితోడు ఎఫ్‌డీలున్న ఖాతా ఎన్‌ఆర్‌ఓగా, అంటే ఎన్నారైల ఇక్కడి ఆదాయం పడే ఖాతాగా, మారుతుంది, వడ్డీ మీద 31.2 శాతం టీడీఎస్ ముందే కోసేస్తారు. టీడీఎస్ వద్దని సీనియర్లు ఇచ్చే ఫారం (ఇదివరకటి 15హెచ్) ఇచ్చి ఆపుదామంటే అది రెసిడెంట్లకే. సీనియర్ సిటిజెన్స్ సేవింగ్స్ స్కీములో కొత్తగా డబ్బు పెట్టడానికీ వీల్లేదు. గల్ఫ్ జీతాల రోజుల్లో ఎన్నారై అంటే పన్ను లేనివాడని మన మనసుల్లో పడిపోయింది. ఆదాయమంతా ఇక్కడే పుట్టే పెన్షనర్‌కి ఆ హోదాతో ఒరిగేది లేదు.

అటువైపు లెక్క

అమెరికా వాళ్ల లెక్క ఇంకోలా ఉంటుంది. ఈ ఏడాది అక్కడున్న రోజులు పూర్తిగా, పోయినేడాదివి మూడో వంతు, అంతకుముందు ఏడాదివి ఆరో వంతు కలుపుతారు. మొత్తం 183 అయితే పన్ను విషయంలో మీరు వాళ్ల రెసిడెంటు. వీసా విజిటర్‌దే కావచ్చు, అక్కడ ఒక్క డాలరూ సంపాదించకపోవచ్చు, లెక్క మారదు. ఏటా 120 రోజుల చొప్పున ఉండేవాళ్లకు 120, 40, 20 కలిపి 180, గీత దాటలేదు. ఏటా 180 రోజులు ఉండేవాళ్లకు 180, 60, 30 కలిపి 270. అంటే మనం మురిసిపోతున్న ఆరు నెలల ప్లానే గీత దాటిస్తుంది. నాలుగు నెలలైతే దాటించదు.

దాటినా ఒక దారుంది. ఆ ఏడాదిలో 183 రోజులకు తక్కువే ఉంటే, మా బతుకంతా ఇండియాలోనే అని చెప్పుకుంటూ 8840 అనే ఫారం పెట్టొచ్చు. అందులో ప్రశ్నలు చదివితే నాకు ముచ్చటేసింది. మీ శాశ్వత ఇల్లు ఎక్కడ? కుటుంబం ఎక్కడ? కారు ఎక్కడ పెట్టారు? సామాన్లు ఎక్కడున్నాయి? డ్రైవింగ్ లైసెన్సు ఎవరిచ్చారు? ఓటు ఎక్కడ? బ్యాంకు పనులు ఎక్కడ? మావారు పక్కనుంచి చదివి, "చందనోత్సవానికి సింహాచలం కొండెక్కుతారా లేదా అని ఒక్కటడిగితే సరిపోయేది కదా" అన్నారు.

రెండు దేశాలూ మనల్ని తమ రెసిడెంటే అన్నప్పుడు 1989లో కుదిరిన ఇండియా-అమెరికా పన్ను ఒప్పందం నాలుగో అధికరణం చూస్తారు. అక్కడా వరస అదే: శాశ్వత నివాసం ఎక్కడుంది, రెండు చోట్లా ఉంటే మనుషులూ ఆస్తులూ ఎక్కడ ఎక్కువ ముడిపడి ఉన్నాయి, అదీ తేలకపోతే మామూలుగా ఎక్కడుంటారు, చివరికి ఏ దేశ పౌరులు. పిల్లలు మనల్ని అడగడానికి మొహమాటపడేదీ, మనం మనల్ని అడక్కుండా దాటేసేదీ ఈ పన్ను కాగితం మొహమ్మీదే అడుగుతోంది. ఆరు-ఆరు ప్లాన్ వేసుకున్నవాళ్లలో ఎంతమంది దీనికి తడుముకోకుండా జవాబు చెప్తారో నాకు అనుమానమే.

"కార్డు పడి ఉంటుందిలే అమ్మా"

మా అబ్బాయి పౌరసత్వం తీసుకున్నాక మొదలుపెట్టాడు. పౌరులు తమ తల్లిదండ్రుల కోసం పెట్టే గ్రీన్‌కార్డు దరఖాస్తుకు కోటా లేదు, క్యూ లేదు. "కార్డు పడి ఉంటుందిలే అమ్మా, వాడినా వాడకపోయినా" అంటాడు.

గ్రీన్‌కార్డు అలా ఊరికే పడి ఉండేది కాదు. అది చేతిలో ఉన్నంతకాలం, వైజాగ్‌లో మన వరండాలో కూర్చున్నా సరే, సొంత చట్టం లెక్కన అమెరికా మనల్ని తన రెసిడెంటుగానే చూస్తుంది. ఇక్కడి ఎఫ్‌డీ వడ్డీ, ఫ్లాటు అద్దె, మన దగ్గర పన్ను లేని పీపీఎఫ్ వడ్డీ, అన్నీ అక్కడి రిటర్నులో చూపించాలి. బయటి దేశాల ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే రిపోర్టు వేరే పెట్టాలి. రిటైరైన ఏ బ్యాంకు క్లర్కు ఎఫ్‌డీలైనా అంతకన్నా ఎక్కువే ఉంటాయి. మ్యూచువల్ ఫండ్లుంటే ఇంకా తలనొప్పి. మన ఫండ్లను వాళ్లు పీఎఫ్‌ఐసీ అనే కోవలో పడేసి ఒక్కో ఫండుకూ విడిగా ఫారం అడుగుతారు. మావారిది డాక్‌యార్డు పెన్షన్. ప్రభుత్వ పెన్షన్‌ని ఇచ్చిన దేశమే పన్ను వేసుకోవాలని ఒప్పందంలో ఉంది గానీ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు అమెరికా ఆ రక్షణ ఇవ్వదు. ఇంకో మెలిక: మన తరఫున గ్రీన్‌కార్డు పిటిషన్ పెండింగులో ఉన్నా, ఇందాకటి 8840 ఫారం పనిచేయదు.

ఇదంతా విని మా అబ్బాయి ఒక మంచి ప్రశ్న వేశాడు. "ఇంత చెప్పావు, చివరికి ఎంత కట్టాల్సొస్తుంది?" నిజం చెప్పాలంటే, ఏమీ ఉండకపోవచ్చు. 65 దాటిన దంపతులకు 2025లో అక్కడ స్టాండర్డ్ డిడక్షనే 34,700 డాలర్లు. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ క్రెడిట్ కూడా ఇస్తారు. మాలాంటి మధ్యతరగతి పెన్షనర్లలో చాలామందికి పన్ను సున్నాకే రావొచ్చు. అక్కడ నా వాదన కొంచెం బలహీనపడుతుంది, ఒప్పుకుంటాను.

కానీ నా భయం పన్ను గురించి కాదు, కాగితాల గురించి. ఒక్క ఏడాది ఎఫ్‌బార్ మర్చిపోతే, కావాలని చేయకపోయినా, జరిమానా 10,000 డాలర్లు దాటొచ్చు. డెబ్బై ఏళ్లొచ్చాక ఓటీపీ రాకపోతేనే కంగారుపడేవాళ్లం. ఏటా రెండు దేశాల రిటర్నులు, ఇద్దరు ఆడిటర్లు, రెండు రకాల సంవత్సరాలు (మనకి ఏప్రిల్, వాళ్లకి జనవరి), ఈ టెన్షన్ ఎవరు మోస్తారు? కొడుకే. వాడి పెళ్లాం. మేం పోయాక కూడా.

పోనీ వైద్యం కోసమైనా కార్డు ఉపయోగమా అంటే, అక్కడ పనిచేయనివాళ్లు ముసలివాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌ని డబ్బు కట్టి తీసుకోవాలన్నా ఐదేళ్లు వరసగా అక్కడ నివాసం ఉండాలి. ఆ ఐదేళ్లూ ఆరు-ఆరుగా గడపడం కుదరదు. ఉండి ఇక్కడికొస్తే, మెడికేర్ ఇక్కడి ఆసుపత్రి బిల్లు కట్టదు.

పైఅంతస్తు ఆయన వాదన

మా అపార్టుమెంటులో పైఅంతస్తులో ఉండే ఆయన కథ వేరు. పాతికేళ్లకు పైగా న్యూజెర్సీలో ఉండి వచ్చారు. అమెరికా పౌరుడు, ఇక్కడ ఓసీఐ (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే కార్డు). ఆయన రోజులు లెక్కపెట్టేది ఇండియాలో రెసిడెంటు కాకుండా ఉండటానికి. ఒక మార్చి నెలలో లెక్క అంచుదాకా వచ్చిందని, ఆర్థిక సంవత్సరం ముగిసే వరకూ సింగపూర్‌లో కూర్చున్నారు. వైజాగ్ నుంచి నేరుగా విమానం ఉంది కదా, అదో సౌకర్యం. ఆ ఏడాది ఉగాది ఆ రోజుల్లోనే పడింది. సీతమ్మధారలో వాళ్లమ్మగారు కొడుకు ఊళ్లో ఉంటున్నాడనే అనుకున్నారు, పచ్చడి చేసి కబురు పెట్టారు. కబురు మాకొచ్చింది, పచ్చడి మేమే తిన్నాం.

నేను ఉండబట్టలేక అడిగేశాను. ఆయన వాదన గట్టిదే. పౌరుడు కాబట్టి ఎక్కడున్నా అమెరికా రిటర్ను తప్పదు. ఇక్కడ రెసిడెంటైతే ఆర్‌ఎన్‌ఓఆర్‌గా (కొత్తగా తిరిగొచ్చినవాళ్లకుండే మధ్యంతర హోదా) రెండు మూడేళ్లు బయటి ఆదాయం మీద పన్నుండదు, ఆ తర్వాత ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా ఇక్కడ లెక్కకొస్తుంది. షేర్ల డివిడెండ్ మీద అక్కడ మామూలుగా 15 శాతం పోతుంది, ఇక్కడ స్లాబు ప్రకారం 30 దాకా వెళ్తుంది. రాత్ ఖాతా అనే రిటైర్మెంట్ పొదుపు అక్కడ పన్ను లేనిది, ఇక్కడ దాని గతేమిటో ఆయన ఆడిటర్ గట్టిగా చెప్పలేకపోతున్నాడు. "అది నా కూతురి డబ్బండీ, ఊరికే ఎందుకు పోగొట్టాలి?" అన్నారు.

డివిడెండ్ల విషయంలో ఆయనతో వాదించలేను. మిగతావి ఆయన భయపడినంత లేవు. సోషల్ సెక్యూరిటీ (అక్కడి ప్రభుత్వమిచ్చే పెన్షన్) మీద ఒప్పందం ప్రకారం పన్ను వేసే హక్కు అమెరికాదే. 401కే లాంటి రిటైర్మెంట్ ఖాతాల్లో ఏటా పెరిగేదానికి కాక, డబ్బు తీసుకుని అక్కడ పన్ను పడిన ఏడాదే ఇక్కడా పన్ను వేసేలా ఒక ఫారం ఉంది. మిగిలే తేడా ఎంతో లెక్కేసి, ఏటా ఇన్ని లక్షలు కట్టి నిక్షేపంగా అమ్మ దగ్గర ఉండటం మేలా, కట్టకుండా హోటల్లో కూర్చోవడం మేలా అని చూసుకోవాలి. ఆయన లెక్కలో హోటలే గెలిచింది. నా లెక్కలో గెలవదు. కానీ ఆయన తేల్చుకోని మనిషి మాత్రం కాదు. ఆయన ఇల్లు అమెరికా. ఇక్కడికొచ్చేది చుట్టపుచూపే. వాళ్లమ్మగారికి ఆ మాట ఎవరూ చెప్పలేదు, అంతే.

స్థలం అమ్మడం

ఈ విషయం త్వరగా చెప్పి ముగిస్తాను, కానీ మావాళ్లకు బాగా పనికొచ్చేది ఇదే. గూగుల్ డేటా సెంటర్ కబురు వచ్చాక ఆనందపురం, మధురవాడ వైపు పాత స్థలాలున్నవాళ్లందరికీ బ్రోకర్ల ఫోన్లు మొదలయ్యాయి. 2024 జులై 23కి ముందు కొన్న స్థలమైతే, రెసిడెంటుకి లాభం మీద పన్ను రెండు లెక్కల్లో ఏది తక్కువైతే అది: ఇండెక్సేషన్‌తో (కొన్న ధరని ద్రవ్యోల్బణం మేరకు పెంచి చూసి) 20 శాతం, లేకుండా 12.5 శాతం. ఎన్నారైకి ఈ ఎంపిక లేదు, 12.5 ఒక్కటే. 2001-02లో 5 లక్షలకు కొన్నది 2025-26లో 30 లక్షలకు అమ్మారనుకోండి. అమ్మిన ఏడాది ద్రవ్యోల్బణ సూచీ 376 (కొన్నప్పుడు 100) కాబట్టి కొన్న ధర 18.8 లక్షలుగా లెక్క. రెసిడెంటుకి పన్ను 2.24 లక్షలు, ఎన్నారైకి 3.12 లక్షల పైన, సెస్సు అదనం. పైగా అమ్మేవాళ్లు ఎన్నారై అయితే కొనేవాడే పెద్ద మొత్తంలో టీడీఎస్ కోసి కట్టాలి. ఆ తంటా ఎందుకని చాలామంది కొనుగోలుదారులు బేరమే మానుకుంటారు. పిల్లల దగ్గరికి వెళ్లిపోవాలని తేల్చుకున్నవాళ్లు ఇక్కడ రెసిడెంటుగా ఉండగానే అమ్ముకోవడం మంచిది. తేల్చుకోనివాళ్లు సహజంగానే అమ్మరు. వెళ్లాక, అక్కణ్నుంచి పవర్ ఆఫ్ అటార్నీలు పంపుతూ అమ్ముతారు.

ఇల్లయితే ఇంకో సంగతి. లాసన్స్‌బేలో సగం ఏడాది తాళం వేసి ఉండే ఫ్లాట్లు చూస్తుంటాను. ఉప్పుగాలికి కిటికీ గ్రిల్లులు తుప్పు, ఏసీ బయటి యూనిట్లు తుప్పు. వచ్చిన మొదటి నెలంతా రిపేర్లవాళ్లతోనే గడుస్తుంది.

నాకూ తేలని చోటు

నా స్నేహితురాలు ఒకావిడ, భర్త పోయిన ఏడాదికే ఫ్లాటు అమ్మేసి, గ్రీన్‌కార్డు తీసుకుని డాలస్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఫండ్లన్నీ ముందే తీసేసింది. తొందరపడుతోందనే అనుకున్నాను, ఆమెకీ చెప్పాను. వెళ్లాక బాగానే ఉంది. గుడిలో వంటకు సాయం చేస్తుంది, ముసలివాళ్ల సెంటర్‌కి వ్యాను వచ్చి తీసుకెళ్తుంది. "వైజాగ్ మీద బెంగ లేదా" అంటే, "ఉంటుందే, అయితే ఏంటి" అంటుంది. నాకు ఆమె వెళ్లడం నచ్చలేదు. కానీ ఆమె ఒకచోట ఉంది. నేను అడిగేదీ అంతే, అందరూ ఇక్కడే ఉండాలని కాదు.

మావారి అభ్యంతరం ఇంకోటి. "చట్టమే ప్రతి ఏడాదీ కొత్తగా లెక్కపెడుతోంది. మనమెందుకు ఒక్కసారే తేల్చేసుకోవాలి? ఇవాళ మోకాళ్లు బాగున్నాయి, ఇద్దరం ఉన్నాం. రేపు ఒక్కరే మిగిలితే?" అంటారు. దీనికి నా దగ్గర సరైన జవాబు లేదు. ఒక్కటే చెప్పగలిగాను: విజిటర్‌గా ఉన్న ఏడాదిని మరుసటి ఏడాది మార్చుకోవచ్చు, గ్రీన్‌కార్డుని అలా మార్చుకోలేం. గడిచిన 15 ఏళ్లలో 8 ఏళ్లు దాన్ని ఉంచుకుంటే, వదులుకునేటప్పుడు కూడా ఆస్తులెన్నో చెప్పి, వదిలిపోయేవాళ్ల మీద వేసే ఎగ్జిట్ ట్యాక్స్ వర్తిస్తుందో లేదో చూసుకుని బయటికి రావాలి. ఒక్కరే మిగిలితే అప్పుడు పెట్టే దరఖాస్తుకూ కోటా ఉండదు కదా, అప్పుడే చూద్దాం అన్నాను. అప్పటికి నాకు ఒంట్లో ఓపిక ఉంటుందా అన్నది మాత్రం ఆయన అడగలేదు, నేనూ ఎత్తలేదు.

ప్రస్తుతానికి అబ్బాయిని పిటిషన్ వేయొద్దన్నాం. ఎండాకాలంలో ఇక్కడి చెమట తప్పించుకోవడానికి వెళ్తాం, నాలుగు నెలలు నిండకుండా వచ్చేస్తాం. వాడికి కోపమొచ్చింది. కోడలు మాత్రం "అత్తయ్యా, మీ ఇష్టం" అంది, గొంతు తేలికపడ్డట్టు నాకనిపించింది, నా భ్రమ కూడా కావచ్చు. ఇంకో పని కూడా వాడికి అప్పజెప్పాను. అవసరానికి పనికొస్తుందని అక్కడి తన బ్యాంకు ఖాతాలో నా పేరు జాయింటుగా పెట్టాడు. నేను ఇక్కడ రెసిడెంటుని కాబట్టి అది నా రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలులో చూపించాలి, ఒక్క రూపాయి నాది కాకపోయినా. చూపించకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా. 2024 అక్టోబరు నుంచి 20 లక్షల లోపు ఖాతాలకు ఆ జరిమానా తీసేశారు గానీ, చూపించాల్సిన బాధ్యత అలాగే ఉంది. ఇప్పటిదాకా చూపిస్తూనే ఉన్నాను. ఇక నా పేరు తీసేయమన్నాను. "వీకెండ్‌లో చూస్తానమ్మా" అన్నాడు. ఇంకా చూడలేదు.